నాలుగు కార్లకి ఒకే సింథటిక్ ఆయిల్ సరిపోతదా: నా అనుభవం

మా ఇంట్లో నాలుగు కార్లు అంటే పెద్ద ఆసాములం అనుకునేరు, అదేం లేదు, నాన్నదొకటి, అక్కదొకటి, బావదొకటి, నాదొకటి, అందులో నాది సెకండ్ హ్యాండ్. నాన్నది 2014 స్విఫ్ట్ డీజిల్, అక్కది బాలెనో డ్యూయల్‌జెట్ పెట్రోల్, బావది క్రెటా 1.5 డీజిల్ బీఎస్6, నాది 2017 పోలో జీటీ టీఎస్ఐ. అన్నిటికీ వారంటీ అయిపోయింది, ఆయిల్ మార్చే టైమ్ కూడా అటూ ఇటూగా ఒకే నెలలో పడింది. అప్పుడు బావ ఒక ఐడియా వేశాడు, "ఒరేయ్, ఏదో మంచి ఫుల్ సింథటిక్ ఒకటి చూడు, రాణిగంజ్ పోయి నాలుగు బండ్లకీ కలిపి ఒకేసారి కొనేద్దాం, హోల్‌సేల్ రేటు పడతది" అని. వినడానికి బానే ఉంది. నాలుగింటికీ ఒకే ఆయిల్ కుదురుతదా అన్నది తేల్చే పని మాత్రం నాకు పడింది.

ముందు పాత బిల్లులు తీశా. ఒక సర్వీస్ సెంటర్ బిల్లులో "ఇంజన్ ఆయిల్" అని, ఎన్ని లీటర్లు, ఎంత రేటు అని ఉంది, అంతే. ఏ గ్రేడు, ఏ స్పెసిఫికేషన్ అని ఫోన్ చేసి అడిగితే "కంపెనీ ఆయిలే సార్, డ్రమ్ము నుంచి పోస్తాం" అన్నాడు అడ్వైజర్. డ్రమ్ము మీద ఏం రాసుందో చూసి చెప్పండి బాబూ అంటే మళ్లీ కాల్ చేస్తా అన్నాడు, చేయలేదు.

రాణిగంజ్ షాపులో అడిగే ప్రశ్నలు మూడే. పెట్రోలా డీజిలా, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, బడ్జెట్ ఎంత. టర్బో ఉందా అని అడగరు, డీపీఎఫ్ (డీజిల్ పొగలో మసిని పట్టే ఫిల్టర్) ఉందా అని అసలే అడగరు. పెట్రోల్ అనగానే ఒక డబ్బా, డీజిల్ అనగానే ఇంకో డబ్బా కౌంటర్ మీద పెట్టేస్తారు. వాళ్లని తప్పు పట్టడానికేం లేదు, జనం అడిగేది కూడా "క్యాస్ట్రాల్ మంచిదా షెల్ మంచిదా మోటూల్ మంచిదా" అనే కదా. నేను ఆ రోజు ఏం కొనకుండా, ఒక్కో డబ్బా వెనక లేబుల్ ఫోటోలు తీసుకుని వచ్చేశా, షాపాయన నన్ను కొంచెం వింతగానే చూశాడు.

మా మూసాపేట మెకానిక్ భాయ్‌ది ఇంకో సిద్ధాంతం. "అన్నా, మన హైదరాబాద్ ఎండలకి ఈ పల్చటి ఆయిళ్లు ఆగవు, 20డబ్ల్యూ50 పోయించు, ఇంజన్ స్మూత్ అయిపోతది" అంటాడు. ఈ మాట హైదరాబాద్‌లో ప్రతి షెడ్డులో వినిపిస్తది, అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తా.

5డబ్ల్యూ30 అంటే మొదటి నంబరు చలిలో ఆయిల్ ఎంత ఈజీగా కదులుతుందో చెప్తది, 0డబ్ల్యూ అయితే మైనస్ 35 దగ్గర, 5డబ్ల్యూ అయితే మైనస్ 30 దగ్గర, 15డబ్ల్యూ అయితే మైనస్ 20 దగ్గర టెస్ట్ చేస్తారు. మనకి డిసెంబర్‌లో పొద్దున్నే 10 డిగ్రీలు వస్తేనే స్వెటర్లు, మంకీ క్యాపులు బయటికి తీస్తాం, మరి మనకెందుకీ నంబరు అనిపిస్తది. కానీ ఏ ఆయిల్ డేటాషీట్ అయినా తీసి చూడండి, మామూలు 5డబ్ల్యూ40 సింథటిక్ 40 డిగ్రీల దగ్గర 80-90 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) ఉంటది, అదే ఆయిల్ 100 డిగ్రీల దగ్గర 13-14కి పడిపోతది. అంటే మే నెల మిట్టమధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో పార్క్ చేసిన కారు స్టార్ట్ చేసినా ఇంజన్ లెక్కలో అది కోల్డ్ స్టార్టే, ఆయిల్ అప్పటికి ఆరింతలు చిక్కగా ఉంది. ఇంక ఇంజన్ వేడెక్కాక బయట ఎండతో పెద్ద సంబంధం లేదు, థర్మోస్టాట్ ఉంది, రేడియేటర్ ఫ్యాన్ ఉంది, కూలెంట్‌ని సిమ్లాలో అయినా సికింద్రాబాద్‌లో అయినా 90 చుట్టుపక్కలే ఉంచుతాయి. కాబట్టి ఎండ పేరు చెప్పి 20డబ్ల్యూ50 పోయడం నాకు నచ్చదు. పాత కార్బురేటర్ అంబాసిడర్‌కి అయితే అది వేరే సంగతి.

రెండో నంబరులో కూడా ఒక తిరకాసు ఉంది, నాకు ఈ మొత్తం వ్యవహారంలో అసలు ముఖ్యం అనిపించింది ఇదే. ఆ 30, 40 అనేవి 100 డిగ్రీల దగ్గర చిక్కదనం, 9.3 నుంచి 12.5 లోపు ఉంటే 30, 12.5 నుంచి 16.3 లోపు ఉంటే 40. బేరింగులో నిజంగా నలిగేటప్పుడు ఎంత గట్టిగా నిలబడుతుందో చూడ్డానికి ఇంకో టెస్ట్ ఉంది, హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు, 150 డిగ్రీల దగ్గర ఆయిల్‌ని బాగా వేగంగా నలిపి కొలుస్తారు. మామూలు 5డబ్ల్యూ30కి అది 2.9 ఉంటే చాలు. అదే 5డబ్ల్యూ30 మీద ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల సంఘం) సీ3 అని కూడా ఉంటే 3.5 తగ్గకూడదు, అంటే 5డబ్ల్యూ40కి పెట్టిన కనీసంతో సమానం. చూడండి, షెల్ఫ్‌లో పక్కపక్కన రెండు డబ్బాలు, రెండిటి మీదా పెద్ద అక్షరాల్లో ఫుల్లీ సింథటిక్ 5డబ్ల్యూ30 అనే ఉంటది, లోపల ఉన్నవి మాత్రం రెండు వేర్వేరు ఆయిళ్లు. ముందు వైపు ఎంత సేపు చూసినా ఈ తేడా తెలీదు, డబ్బా తిప్పి చీమ తలకాయంత అక్షరాలు చదవాల్సిందే.

ఫుల్లీ సింథటిక్ అనే ముక్క కూడా పెద్దగా ఏం చెప్పదు. ఒకప్పుడు పీఏఓ, ఎస్టర్ లాంటి రసాయనాలతో తయారుచేసినదాన్నే సింథటిక్ అనేవారు, క్రూడ్‌నే బాగా హైడ్రోక్రాకింగ్ చేసి తీసిన గ్రూప్ 3 బేస్ ఆయిల్‌ని కూడా సింథటిక్ అని అమ్మొచ్చా అని మొబిల్, క్యాస్ట్రాల్ మధ్య అమెరికాలో గొడవ అయితే 1999లో అక్కడ ప్రకటనల తగాదాలు చూసే సంస్థ అమ్మొచ్చనే తేల్చింది. అప్పటి నుంచి చాలా దేశాల్లో గ్రూప్ 3 కూడా సింథటిక్కే, జర్మనీలో మాత్రం ఇంకా కొంచెం పట్టింపు ఉంది. నన్నడిగితే గ్రూప్ 3 అయినా తప్పేం లేదు, కారు కంపెనీ పెట్టిన టెస్టులు పాసయిందా లేదా అన్నదే చూస్తా.

ఇప్పుడు బండ్ల వారీగా.

నా పోలోతో మొదలుపెట్టా, ఎందుకంటే ఫోక్స్‌వాగన్ వాళ్లకి సొంత నంబర్లున్నాయి, ఆ నంబరు లేకపోతే మాన్యువల్ ఒప్పుకోదు. నా 1.2 టీఎస్ఐకి 502 00. దాని తర్వాత వచ్చిన 504 00 అంటే 502 00 అడిగిన బండ్లకి కూడా పనికొస్తది, అది తక్కువ బూడిద రకం. కొత్తగా 508 00 అని 0డబ్ల్యూ20 ఒకటి ఉంది, అది మాత్రం దాని కోసం చేసిన కొత్త ఇంజన్లకే, నా దాంట్లో పోయకూడదు. ఇక్కడ లేబుల్ మీద భాష జాగ్రత్తగా చదవాలి. "అప్రూవల్" అని రాసి 504 00 అని ఉంటే కారు కంపెనీ ఆ ఆయిల్‌ని చూసి సరే అన్నట్టు. "సూటబుల్ ఫర్", "మీట్స్ రిక్వైర్‌మెంట్స్" అని ఉంటే ఆయిల్ కంపెనీ తన మాట తాను చెప్పుకున్నట్టు, అంతే. అబద్ధమని కాదు, కానీ రెండో మనిషి చూడలేదు. మెర్సిడెస్ వాళ్లయితే తాము అప్రూవ్ చేసిన ఆయిళ్ల లిస్టు ఆన్‌లైన్‌లోనే పెడతారు, 229.5, 229.51 అని నంబర్ల వారీగా, కాబట్టి లేబుల్ మీద ఆ నంబరు ఉంటే అందులో ఆ ఆయిల్ పేరు ఉందో లేదో రెండు నిమిషాల్లో చూసుకోవచ్చు. నేను ఫోటోలు తీసుకొచ్చిన డబ్బాల్ని అలాగే వడపోశా.

నా పోలో లాంటి టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్‌కి ఇంకో రెండు చూడాలి. ఒకటి ఎల్ఎస్‌పీఐ, తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ లోడ్ పడ్డప్పుడు స్పార్క్ రాకముందే సిలిండర్లో ఎక్కడో అంటుకోవడం. నా పోలోలోని డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ 1500 దగ్గరే పై గేరు వేసేస్తది, ఆ గేర్లోనే ఫ్లైఓవర్ ఎక్కుతూ యాక్సిలరేటర్ నొక్కితే సరిగ్గా ఆ పరిస్థితి. ఆయిల్లో క్యాల్షియం డిటర్జెంట్ ఎక్కువైతే ఇది పెరుగుతదని తేలాక కొంత క్యాల్షియం తీసి మెగ్నీషియం పెట్టారు, 2018లో అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ వాళ్ల ఎస్ఎన్ ప్లస్, 2020 మేలో ఎస్‌పీ వచ్చింది అందుకే. రెండోది నోయాక్, అంటే 250 డిగ్రీల దగ్గర గంట సేపు ఉంచితే ఎంత ఆయిల్ ఆవిరైపోతది అని. ఏపీఐ ఎస్‌పీకి 15 శాతం వరకు ఓకే, యూరప్ ఏసీఈఏ వాళ్లకి 13. ఆవిరైన ఆయిల్ ఇన్‌టేక్‌లోకి పోయి వాల్వుల వెనక నల్లగా పేరుకుంటది, మామూలు పెట్రోల్ ఇంజన్లో పెట్రోలే ఆ వాల్వుల్ని కడిగేస్తది, డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ వాల్వు దాటాక సిలిండర్లో పడుతది కాబట్టి కడిగేవాడు లేడు.

బావ క్రెటా దగ్గర నేను ఎక్కువ సేపు ఆగా. బీఎస్6 డీజిల్ అంటే డీపీఎఫ్ ఉంటది, పొగలో మసిని పట్టుకుని, నిండాక 600 డిగ్రీల దగ్గర్లో కాల్చేస్తది. మసి కాలిపోతది, కానీ ఆయిల్లో ఉన్న క్యాల్షియం, జింకు లాంటివి మిగిల్చే బూడిద కాలదు, కట్టెల పొయ్యిలో బూడిద లాగా అక్కడే కూర్చుంటది, డీపీఎఫ్ ఊడదీసి శుభ్రం చేయిస్తే తప్ప పోదు. అందుకే డీపీఎఫ్ బండ్లకి ఏసీఈఏలో సీ గ్రూప్ ఆయిల్, సీ3లో సల్ఫేటెడ్ యాష్ (అంటే మిగిలే బూడిద) 0.8 శాతం దాటకూడదు, డీపీఎఫ్ లేని బండ్ల ఏ3/బీ4లో 1 శాతం పైనే ఉంటది. షాపులో "డీజిల్" అనగానే ఆయన కౌంటర్ మీద పెట్టిన డబ్బా ఏ3/బీ4ది. నాన్న స్విఫ్ట్‌కి బ్రహ్మాండం, బావ క్రెటాకి పోస్తే వెంటనే ఏం కాదు, అందుకే ఎవరికీ తెలీదు, ఏళ్ల తర్వాత డీపీఎఫ్ బిల్లు రూపంలో తెలుస్తది.

ఇంకో సంగతి. బావ ఇల్లు కొండాపూర్, ఆఫీసు రాయదుర్గం, రోజూ బండి వేడెక్కేలోపే ఆఫీసు వచ్చేస్తది, మధ్యలో ట్రాఫిక్‌లో పాకడమే. డీపీఎఫ్ కాలడం మొదలెట్టినప్పుడు ఇంజన్ అదనంగా డీజిల్ కొడుతది, అది మధ్యలో ఇంజన్ ఆపేస్తే పూర్తి కాదు, మళ్లీ మొదలు, ఆ అదనపు డీజిల్ కొంత సిలిండర్ గోడల మీదుగా కిందకి జారి ఆయిల్లో కలుస్తది. ఒక ఆదివారం పొద్దున్నే కారు ఇంకా చల్లగా ఉండగా డిప్‌స్టిక్ తీసి చూపించా. తుడిచి మళ్లీ పెట్టి తీస్తే మాక్స్ గీతకి వేలెడు పైకుంది ఆయిల్. బావ ఫస్ట్ రియాక్షన్ "చూశావా, నా బండి చుక్క ఆయిల్ తాగదు" అని. వాసన చూడు బావా అన్నా. ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించాడు, పెట్రోల్ బంక్ వాసన. డీజిల్ కలిసిన ఆయిల్ పల్చబడుతది, లెవెల్ మరీ పెరిగిపోతే ఇంజన్ ఆ ఆయిల్‌నే లోపలికి పీల్చుకుని తనంతట తాను రేస్ అయ్యే ప్రమాదం కూడా ఉంది. అందుకే బావకి సీ గ్రూప్‌లోనే పల్చటి సీ5, సీ2 కాకుండా సీ3 మంచిదనుకున్నా, కొంచెం పల్చబడ్డా ఇంకా చిక్కదనం మిగిలేలా. దాంతోపాటు వారానికోసారి ఔటర్ మీద అరగంట ఒకే స్పీడులో తిప్పు, కిలోమీటర్ల లెక్క చూడకుండా లెవెల్ పెరిగితే ఆయిల్ మార్చెయ్ అని చెప్పా. మాన్యువల్లో కూడా చిన్న దూరాలు, దుమ్ము, ఐడ్లింగ్ ఎక్కువుంటే త్వరగా మార్చమని సివియర్ కండిషన్స్ కింద రాసుంటది, హైదరాబాద్‌లో తిరిగే ప్రతి కారూ ఆ పేజీ కిందకే వస్తది, ఆ పేజీ మాత్రం ఎవరూ తెరవరు.

నాన్న స్విఫ్ట్‌ది 1.3 మల్టీజెట్, డీపీఎఫ్ లేదు. బతకడం చాతనైన ఇంజన్, కానీ దాని టైమింగ్ చైన్ టెన్షనర్ ఆయిల్ ప్రెషర్ మీద నడుస్తది, ఆయిల్ నిర్లక్ష్యం చేస్తే ముందు చైన్ చప్పుడు మొదలవుతది. దీనికి ఏ3/బీ4 5డబ్ల్యూ40 మామూలు సమాధానం. కానీ ఇప్పుడు బంకుల్లో దొరికే బీఎస్6 డీజిల్లో సల్ఫర్ 10 పీపీఎమ్మే, అప్పట్లో బీఎస్4లో 50 ఉండేది, సల్ఫర్ తగ్గితే యాసిడ్ తగ్గుతది, కాబట్టి సీ3లో టీబీఎన్ (యాసిడ్‌ని విరిచే శక్తి) కొంచెం తక్కువున్నా టైముకి మార్చేవాడికి ఇబ్బంది లేదు.

ఇక్కడే బావ ఐడియా ముప్పాతిక వంతు గెలిచింది. 504 00, దాని డీజిల్ జోడీ 507 00, రెండు అప్రూవల్సూ ఉన్న 5డబ్ల్యూ30, సీ3, పైన ఏపీఐ ఎస్‌పీ, ఇవన్నీ ఒకే డబ్బా వెనక ఉన్న ఆయిల్ ఒకటి దొరికింది. 504 నా పోలోకి, సీ3 బావ క్రెటాకి, హెచ్‌టీహెచ్‌ఎస్ 3.5 పైనే కాబట్టి నాన్న స్విఫ్ట్‌కి. స్విఫ్ట్‌కి మూడు లీటర్ల పైన, పోలోకి నాలుగు దగ్గర, క్రెటాకి ఐదు దగ్గర, కలిపి పన్నెండు పదమూడు లీటర్లు, ఐదు లీటర్ల డబ్బాల్లో తీసుకుంటే రాణిగంజ్ షాపాయన రేటు కూడా దిగాడు. "ఇదే కావాలని మొదట్లోనే చెప్తే అయిపోయేది కదా సార్" అన్నాడు.

బాలెనోకి మాత్రం ఇది కాదు. డ్యూయల్‌జెట్‌కి మారుతి చెప్పింది 0డబ్ల్యూ16. కప్పులో పోసి చూపిస్తే భాయ్ నవ్వాడు, "అన్నా ఇది ఆయిలా నీళ్లా" అని. ఆ ఇంజన్ క్లియరెన్సులు, ఆయిల్ పంపు, అన్నీ దానికి తగ్గట్టే చేశారు, టర్బో లేదు, డైరెక్ట్ ఇంజెక్షన్ లేదు. దీంట్లో సీ3 పోస్తే పాడవదు కానీ మైలేజీ కోసం చేసిన ఏర్పాటంతా వృథా. నేను కొన్నప్పుడు 0డబ్ల్యూ16కి ఐఎల్‌ఎస్ఏసీ (కారు కంపెనీల ఆయిల్ ప్రమాణాల కమిటీ) వాళ్లది ప్రత్యేకంగా జీఎఫ్-6బీ అని ఉండేది, 20, 30 గ్రేడులకి జీఎఫ్-6ఏ, లేబుల్ మీద గుర్తులు కూడా వేరు. అక్కకి ఇవేం వద్దు, "లైట్ రాకుండా చూడరా చాలు" అంది.

మార్చేటప్పుడు భాయ్ ఇంజన్ లోపల కడిగే ఫ్లష్ పోసేద్దామన్నాడు, వద్దన్నా, పైన వేసే అడిటివ్ బాటిల్ కూడా వద్దన్నా, ఇంత చదివి కొన్న ఆయిల్లో ఇంకోటి కలిపితే ఆ అప్రూవల్‌కి అర్థమేముంది. స్విఫ్ట్‌ది బయట తిప్పే డబ్బా ఫిల్టర్ కాదు, మూతలో పెట్టే పేపర్ ఎలిమెంట్, దానితో వచ్చే ఓ రింగు మార్చకుండా పాతదే పెట్టేస్తారు చాలా చోట్ల, నేను పక్కనే నిలబడి కొత్తది ఆయిల్ రాసి ఎక్కించేదాకా కదల్లేదు. డ్రెయిన్ ప్లగ్ వాషర్లు కూడా కొత్తవే. స్విఫ్ట్‌లో కొత్త ఆయిల్ పోసి ఐదు నిమిషాలు ఆన్ చేసి చూస్తే అప్పుడే నల్లబడింది, నాన్న కంగారుపడ్డాడు, "ఏందిరా, మోసం చేశారా" అని. డీజిల్‌కి అది మామూలే నాన్నా, లోపల మిగిలిన పాత మసిని కొత్త ఆయిల్ పట్టుకుని తనలో ఉంచుకుంటోంది, నల్లబడకపోతేనే అనుమానపడాలి అని చెప్పా.

ఖాళీ డబ్బాలు ఇక్కడ పెట్టి పోండి అన్నాడు షెడ్డులో కుర్రాడు. ఇవ్వలేదు. బ్రాండెడ్ ఖాళీ డబ్బాకి పాత సామాన్లవాళ్ల దగ్గర మంచి రేటు ఉంటది, మూత సరిగ్గా ఉన్న డబ్బా ఎక్కడికి పోయి ఏ ఆయిల్‌తో నిండి వస్తదో చెప్పలేం. స్క్రూడ్రైవర్‌తో అన్నిటికీ పొట్టలో రెండేసి బొక్కలు పెట్టి, లేబుల్ చింపి ఇచ్చా. కొనేటప్పుడు కూడా మూత రింగు, డబ్బా మీద బ్యాచ్ నంబరు, అట్టపెట్టె మీద బ్యాచ్ నంబరు ఒకటేనా అని చూసుకున్నా. పాత ఆయిల్ మాత్రం భాయ్ డ్రమ్ములోకే పోయించా, రీసైక్లింగ్ వాళ్లొచ్చి తీసుకుపోతారంట.

చివర్లో కొంత ఆయిల్ మిగిలింది. "నా బుల్లెట్‌లో టాపప్ చేస్తా ఇటివ్వు" అన్నాడు బావ. అది మాత్రం కుదర్దు బావా అన్నా, బుల్లెట్‌లో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్లోనే మునిగి ఉంటాయి, దానికి జాసో ఎంఏ (జపాన్ వాళ్ల బైక్ ఆయిల్ ప్రమాణం) అని ఉన్న బైక్ ఆయిలే పోయాలి, కారు ఆయిల్లో రాపిడి తగ్గించే మందులు ఉంటే క్లచ్ జారుతది. కాసేపు గొణిగి ఊరుకున్నాడు. ఆ మిగిలిన ఆయిల్ ఇప్పుడు నా పోలో డిక్కీలో ఉంది, టీఎస్ఐ కొంచెం తాగే రకం కదా, నెలకోసారి డిప్‌స్టిక్ చూసి అవసరమైతే పోస్తున్నా.